మూలనుంచి మూలకు తాడు

మొన్న సాయంత్రం మనవరాలు లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "అవ్వా, గీ సమచతుర్భుజం వైశాల్యం ఎట్ల తీయాలె?" నాలుగు భుజాలూ సమానంగా ఉండి, ఓ పక్కకు ఒరిగిన బొమ్మ. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ మా భూమి పంపకమే గుర్తొస్తుంది.

మనవలను ఎత్తుకునే వయసులో నేను అక్షరాలు దిద్దాను. సాయంత్రం బడిలో మొదలుపెట్టి ఓపెన్ స్కూల్లో పదో తరగతి దాకా పాకాను. బొమ్మలో మూలనుంచి మూలకు గీసే కర్ణాల గురించి ఆలోచిస్తూ ఒకనాడు చారులో రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన నీళ్ళు కలుపుకొని తిన్నాడు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో, నేను ఆ పరీక్షకు చదువుతుండగానే, మా మామ పోయాడు. మోత్కూర్ అవతల గుట్ట కింద ఉన్న చెల్క, వానకు పండే మెట్టభూమి, అన్నదమ్ములు పంచుకోవలసి వచ్చింది.

మా వైపు పద్ధతి ప్రకారం పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. ఏరుకున్న ముక్క గట్టు మీద రాయి పెడితే ఇక మాట తిరగదు. మా బావ, అంటే మా ఆయన అన్న, గట్ల వెంబడి తాడు పట్టి రెండు ముక్కలు చేశాడు. రెండింటికీ నాలుగు వైపులా పదేసి తాళ్ళు. వాళ్ళ నాయిన కొలిచిందీ అట్లాగే. ఒక ముక్క మూలలు తిన్నగా ఉన్నాయి. దాన్ని ఆనుకొని ఉన్న రెండోది గుట్ట అంచు వెంట ఒరిగిపోయింది గానీ బాట పక్కన ఉంది. మా ఆయన కళ్ళు బాట మీదే. రాయి చేతిలోకి తీసుకున్నాడు.

"జర ఆగు," అన్నాను. అక్కడున్న పెద్దమనుషులంతా నా వైపు తిరిగారు. "మూలనుంచి మూలకు కూడా తాడు పట్టుండ్రి."

"ఎందుకు? నన్ను దొంగను చేస్తున్నవా?" అన్నాడు బావ.

"మీ కొలత తప్పని అంటలేను బావా. గట్లు సమానమే. లోపల జాగా సమానం గాదు."

"పదో తర్గతి పరీక్ష చెల్కల బెట్టిండ్రా ఏంది?" అని ఒక పెద్దాయన నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. "నువ్వు ఊకో," అన్నాడు పళ్ళ బిగువున. చివరికి మా అత్తే అంది: "పట్టుండ్రిరా. తాడే గదా, అరిగిపోతదా!"

పట్టారు. పొట్టి కర్ణం సరిగ్గా పది తాళ్ళే వచ్చింది. అంటే గట్లతో సమానం. లోపల రెండు సమబాహు త్రిభుజాలు. గుట్ట దగ్గరి మూల అరవై డిగ్రీలు, దాని ఎదురు మూలా అంతే. మిగిలిన రెండు నూటఇరవై. పొడుగు కర్ణం పదిహేడు దాటింది. రెండూ హెచ్చించి సగం చేయాలి. సగమేనా? పుస్తకంలో పేజీ కళ్ళ ముందుకు వస్తుంది, ఆ సగం మాత్రం రాదు. తప్పు చెబితే ఈ ఇంట్లో మళ్ళీ పుస్తకం ముట్టనివ్వరు. అప్పుడు పుల్లతో మట్టిలో బొమ్మ గీసి, దాని చుట్టూ కర్ణాలంత పొడుగు వెడల్పులతో పెట్టె గీశాను. ఒరిగిన బొమ్మ అందులో సరిగ్గా సగమే ఆక్రమించింది.

"ఆ తిన్నగున్నది తాడు పొడుగు, తాడు వెడల్పు గళ్ళు నూరు. ఈ ఒరిగింది ఎనభై ఆరే," అన్నాను.

మా ఆయన చేతిలో రాయి అట్లాగే ఉంది. బావ వంగి ఆ గీతలను చాలాసేపు చూశాడు. తర్వాత పార అందుకొని, మధ్య గట్టు తన వైపుకు సగం తాడుకు ఇంకొంచెం ఎక్కువ జరిపాడు. "ఇప్పుడు పెట్టుకోరా రాయి," అని తమ్ముడితో అన్నాడు. నాతో ఏమీ అనలేదు. ఆ ఏడాది అనలేదు, మరుసటి ఏడూ అనలేదు. పండక్కి పిలిచినా వాకిట్లో నిలబడే పోయేవాడు.

ఒక వానకాలం, నేను కలుపు తీస్తుంటే గట్టు మీద ఆగి, "కందులు మంచిగున్నయమ్మా," అన్నాడు. నేను తలెత్తేసరికి దాటి వెళ్ళిపోయాడు. అప్పటికి ఆ కొత్త గట్టు మీద గడ్డి ఎంత దట్టంగా అల్లుకుందంటే, పాత గట్టు ఎక్కడుండేదో నాకే గుర్తుపట్టరాలేదు.