నీళ్ల మీద వేసిన నింద

మా మర్రిగూడ దిక్కు ఏం నొచ్చినా నీళ్ల మీదికే తోస్తాం. పళ్లకు గార పట్టినా, మోకాళ్లు పట్టేసినా ఫ్లోరైడ్ ఉన్న పాత బోరు నీళ్లే కారణం. అందుకే నలభై మూడో ఏట పురాణంలో అక్షరాలు అలుక్కుపోతే నేనూ నీళ్లనే తిట్టుకున్నాను. అప్పటికి ఇంట్లోకి మంచినీళ్ల నల్లా వచ్చి రెండేళ్లు. అయినా నోటికి అలవాటైన నింద కదా.

అది శ్రావణం. పున్నమిలోపు పురాణం మొత్తం వింటానని అత్తమ్మ మొక్కుకుంది. ఆమెకు చదువు రాదు. నేను బడికి పోలేదు కానీ, బాపు ఇంట్లోనే పలక పట్టించి నేర్పిన అక్షరాలున్నాయి. మొక్కు ఆమెది, కళ్లు నావి.

రోజురోజుకూ పుస్తకం ఒళ్లోంచి మోకాళ్ల మీదికి, అక్కడినుంచి చాపిన చేతుల చివరికి జరిగింది.

"గంత దూరం పెడ్తున్నవేందే? పుస్తకానికి దిష్టి తీస్తున్నవా?" అంది అత్తమ్మ.

"నీళ్లు పడ్తలేవు అత్తమ్మా."

క్యాను నీళ్లు తెప్పించుకుని తాగాను. అక్షరాలు తేటపడలేదు. కనపడని చోట తోచింది చదివేశాను, దేవుడు క్షమించుగాక. చివరికి నల్లగొండ దవాఖానకు పోయి నీళ్ల సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వింది.

"నీళ్లకు దీనికి సంబంధం లేదమ్మా. కంట్లో కటకం చుట్టూ ఉంగరం లెక్క ఓ కండ ఉంటది. రెంటి నడుమ సన్నటి దారాలు. దగ్గరిది చూడాలంటే కండ బిగుసుకుంటది, దారాలు వదులైతయి, కటకం ఉబ్బుతది. దూరం చూసేటప్పుడు కండకు విశ్రాంతి. దారాలు గుంజి కటకాన్ని పలచగ చేస్తయి."

"నా కండ అలిసిపోయిందా?"

"అది పనిచేస్తనే ఉన్నది. కటకమే వయసుకు గట్టిపడ్డది."

గోధుమపిండి గుర్తొచ్చింది. తాజా ముద్దను అంచులు పట్టి లాగి వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. ఎండిన ముద్ద ఉలకదు. ఎన్నేళ్లు బియ్యంలో రాళ్లు ఏరాను, సూదిలో దారం ఎక్కించాను! ప్రతిసారీ బిగుసుకుని నన్ను కాచిన ఆ కండకు ఒక్కనాడూ దండం పెట్టలేదు.

పున్నమి ఇంకా మూడు రోజులుందనగా డాక్టరమ్మ రాసిచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను.

"నాలుగో అధ్యాయం కాడికి వెనక్కి పో," అంది అత్తమ్మ.

"ఎందుకు?"

"ముని పాయసం తాగిండని మూడుసార్లు చదివినవ్. ఒక్క మునికి గన్ని పాయసాలా? నాకు చదువు రాదు గని చెవులున్నయి."

సిగ్గుపడి మళ్లీ మొదలుపెట్టాను. అధ్యాయానికోసారి తల ఎత్తి దూరంగా గుట్ట వైపు చూసేదాన్ని.

"మల్ల ఆగినవేందే?"

"కండకు విశ్రాంతి అత్తమ్మా."

"కండకియ్యి. నా మొక్కుకియ్యకు."

పున్నమి సాయంత్రం, దీపం పెట్టే వేళకు ఆఖరి పేజీ అయిపోయింది. అత్తమ్మ పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. నేను మాత్రం అద్దాలు తీసి, ముందు నా కళ్లకే రెండు చేతులూ అద్దుకున్నాను.