మొగిలిగూడెం చుట్టూ నీళ్లు

షేక్‌పేట వైపు దిగే సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఓదెలు ఇప్పటిదాకా పదకొండు పట్టణాలను ముంచాడు, నాలుగు కోటలను తగలబెట్టాడు. సాయంత్రం చేతులు కడుక్కుని రహమత్ నగర్‌లోని కిరాయి ఇంటికి పోయి పప్పన్నం తిన్నాడు. సినిమాలకు చిన్న నమూనాలు కట్టడం అతని పని. ఒకసారి అతను కట్టిన మూరెడు రైలుబండి కూత పెడితే ఫిల్మ్‌నగర్‌లో సగంమంది టికెట్లకు బయల్దేరారు. నేనూ వెళ్లాను.

మనుషులను మాత్రం ఓదెలు నమ్మడు. చాయ్ ఇస్తే ఎందుకిస్తున్నారని అడుగుతాడు.

రెండేళ్ల కిందట జూబ్లీహిల్స్ నుంచి త్రినాథరావు అనే ఇంజినీరు వచ్చాడు. ఒక పెద్ద డ్యామ్ చుట్టూ వేయబోయే రోడ్లకు, వంతెనలకు నమూనా కావాలన్నాడు. శుక్రవారం పెద్దవాళ్లు దాన్ని చూసి ప్లాను ఖాయం చేస్తారట.

అతనిచ్చిన మ్యాపులు విప్పగానే ఓదెలు కళ్లు మొగిలిగూడెం మీద పడ్డాయి. అక్కడ అతని అక్క కొమురమ్మ ఉంటుంది. డయాలిసిస్‌కని వారానికి మూడుసార్లు టౌనుకు పోవాలి. ఊరు గుట్ట మీదుంది, మునగదు, ఎవరూ కదలక్కర్లేదని వాళ్లకు ముందే కాగితం ఇచ్చారు. రోడ్ల మ్యాపులో ఆ ఊరికి వంతెన లేదు. ఇల్లన్నది లేని పక్కగుట్టకు మాత్రం ఉంది. ఎవరో పెద్దమనిషి రిసార్టు కోసమేనని ఓదెలు తీర్మానించుకున్నాడు.

వరద సీనుకు నమూనా కడితే, కెమెరా రాకముందే నీళ్లు పోసి చూడటం అతని అలవాటు. దీనికీ అదే చేశాడు. డ్యామ్ నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని నీళ్ల మ్యాపులో ఉందో అక్కడిదాకా పోశాడు. మొగిలిగూడెం మునగలేదు. టౌనుకు పోయే రోడ్డు మునిగింది.

గురువారం మధ్యాహ్నం నమూనా తీసుకెళ్లడానికి వచ్చిన త్రినాథరావు ఆ నీళ్లు చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటయ్యా? నిన్ను నీళ్లెవరు పొయ్యమన్నారు?"

"నీళ్లు లేని డ్యామ్ ఏంది సార్?"

"ఆ ఊరు నీదా?"

"మా అక్కది."

"అదీ సంగతి! రోడ్డు కిందికి దించావు."

"స్కేలు గీడనే ఉంది. కొలువుండ్రి. ముందుగాల గా గుట్ట మీద రిసార్టు ఎవలిదో చెప్పుండ్రి."

"రిసార్టా! అది పవర్‌హౌస్‌కి వెళ్లే దారయ్యా!"

త్రినాథరావు చొక్కా చేతులు మడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. తొమ్మిది చోట్ల కొలిచాడు. తొమ్మిదీ సరిపోయాయి. అప్పుడు సంచిలోంచి రెండు షీట్లు తీసి ఒకదాని మీద ఒకటి పరిచాడు. నీళ్ల షీటు ఒక జట్టు గీసింది, రోడ్ల షీటు ఇంకో జట్టు గీసింది. ఆ రెండూ ఒకచోట కలిసింది ఓదెలు షెడ్డులోనే.

"ఎవరూ చూసుకోలేదు," అన్నాడు మెల్లగా. పెన్సిలు తీసి మొగిలిగూడెం దగ్గర ఒక వంతెన గీశాడు.

"పెన్సిల్ వద్దు సార్. చెరుపొచ్చు."

"నామీద అంత అనుమానమా?"

"మీరు నన్ను జరసేపటి కింద ఏమన్నరు?"

త్రినాథరావు పెన్ను తీశాడు. గీశాక కింద సంతకం చేశాడు. ఓదెలు మాత్రం నమూనాకు అడ్డంగానే నిలబడ్డాడు.

"రెండో షీటు మీద గూడ పెట్టుండ్రి. మీ వాళ్లు ఒక్కటే చూస్తరు గద."

పెట్టాడు. మర్నాడు ప్లాను ఆ వంతెనతో సహా ఖాయమైంది. ఇప్పుడు అక్కడ స్తంభాలు లేస్తున్నాయి. మొన్న కొమురమ్మ సంబరంగా ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"తమ్మీ, ఏడు లేసినయ్ రా!"

"నువ్వు లెక్కవెట్టినవా అక్కా, ఎవలన్న చెప్పిండ్రా?"