నర్సన్న మోసిన రాళ్లు

గోదావరి నడుమ మా ఊరికి చిన్న నడిగడ్డ ఒకటుంది. చుట్టూ తిరిగొచ్చేసరికి బీడీ కూడా అయిపోదు. దాని మీద గంగవ్వ దేవత గద్దె, నాలుగు ఈత చెట్లు, ఎప్పుడో పోరులో పడ్డ వీరుల బొమ్మలు చెక్కిన రెండు వీరగల్లులు. అవి ఇన్నాళ్లు నిలిచాయంటే పడవ నడిపే నర్సన్న వల్లే. ఊళ్లో ఎవరినడిగినా ఈ మాట ఒప్పుకుంటారు. ఒప్పుకోవడానికి ఖర్చేముంది?

పద్ధతి ఒకటుండేది. గంగవ్వ దగ్గరికి పోయేవాళ్లు మనిషికో రాయి పట్టుకుపోయి, గడ్డ కోసుకుపోకుండా వరద తాకే పైకొసన వేయాలి. రాయి లేనివాణ్ని నర్సన్న పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. దెగ్లూర్ నుంచి వచ్చిన ఒక సేటునే వెనక్కి పంపాడు. వాళ్ల నాయనా అంతేనట.

తర్వాత జనం తగ్గారు. పడవంటే భయం, బురదంటే విసుగు. నాందేడ్ నుంచి ఎవరో వచ్చి ఫోటోలు తీసుకున్నారు, వారసత్వం కాపాడుకోవాలన్నారు, పోయారు. ఏటా వానలకు ముందు నర్సన్న ఒక్కడే గంపలతో రాళ్లు మోశాడు. గంప ఎత్తేది అతని భార్య అనుసూయాబాయి. అరవై దాటాక అతని భుజం పడిపోయింది. నిరుడు వరద పైకొసన ఎడ్లబండి పట్టేంత గడ్డను కోసుకుపోయింది. ఒక వీరగల్లు కూడా నీళ్లపాలైంది.

ఈ ఏడు మా గుడి కమిటీ గంగవ్వను ఒడ్డుకు తేవాలని తీర్మానించింది. బస్సు దిగితే దర్శనం! అవ్వను గద్దె మీంచి లేపాలంటే నర్సన్న ఇంటివాళ్లే మొదటి చెయ్యి వేయాలి. కొట్లాడతాడనుకుని అందరం కలిసి పోయాం.

"అవ్వ ఉంటెనే జనం రాయి తెస్తరు. అవ్వ లేని గడ్డకు ఎవలు తెస్తరు?" అన్నాడు.

పడిపోయిన భుజం పిసుక్కున్నాడు.

"తీస్కపోండ్రి. నాతోని అయితలేదు."

తిట్టి పంపినా బాగుండేది.

కొత్త గుడి దగ్గర మొదటి జాతరకు ఎన్నడూ లేనంత జనం. మహానుభావులు, పద్ధతి మాత్రం మరవలేదు. బస్సుల్లో తెచ్చారు, స్కూటీ డిక్కీల్లో తెచ్చారు, మనిషికో రాయి. నీళ్లు ఏనాడూ ఎక్కని గట్టు మీద, గుడి ముందు, పసుపు పూసి మరీ పోశారు. మధ్యాహ్నానికి మనిషెత్తు కుప్పయింది.

నర్సన్న వచ్చి ఆ కుప్ప ముందు నిలబడ్డాడు. అవ్వకు మొక్కలేదు. ఒక రాయి ఎత్తబోయాడు, భుజం లేవలేదు. అనుసూయాబాయి వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"మన ఊర్లె గిన్ని రాళ్లున్నయానే?"