బెల్టు దగ్గర ఆగిన ప్యాంట్లు

మా జీన్సు యూనిట్లో మీటింగు అంటే నేను మాట్లాడటం, మిగతావాళ్లు నేలకేసి చూడటం. రాయదుర్గంలో సూపర్‌వైజరుగా ఇన్నేళ్లు గడిపాక నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. బాగానే నడుస్తోందని నా నమ్మకం కూడా. చివర్లో "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపేవాళ్లు మరి.

పోయినేడు యజమాని కూతురు బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చి యూనిట్ చూసుకోవడం మొదలుపెట్టింది. నెల తిరక్కముందే నన్ను పిలిచి, కొత్తరకం మీటింగు పెడదామంది. ఏం మాట్లాడాలో ముందుగా ఎవరూ నిర్ణయించకూడదట. ఎవరికి ఏ సంగతి మనసులో ఉంటే వాళ్లే కాగితం మీద రాసి గోడకు అంటిస్తారట. ఆ సంగతి కావాలనుకున్నవాళ్లు దాని దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటారట. కూర్చున్నచోట తమకు పనికొచ్చేది లేకపోతే లేచి ఇంకో గుంపులోకి పోవచ్చట, ఎవరూ ఏమీ అనుకోకూడదట.

"ఎవరు నడిపిచ్చేదమ్మా దీన్ని?" అని అడిగాను.

"ఎవరూ నడిపించరన్నా. వాళ్లే నడుపుకుంటారు."

"ఇంగ నేనేం చేయల్ల?"

"మీరు కూడా ఒక కాగితం రాయొచ్చు."

నాకు ఒళ్లు మండింది. మిషన్ల ముందు కూర్చున్నవాళ్లు లేవకుండా చూడటమే నా ఉద్యోగం. సగం జీవితం దానికే ధారపోశాను. ఇప్పుడు ఈ అమ్మాయి వాళ్లను లేచి తిరగమంటోంది.

అసలు అప్పటికే నాకో తలనొప్పి ఉంది. మా లైనులో ప్యాంటు చేతులు మారుతూ పోతుంది. ఒకరు జేబులు, ఒకరు జిప్పు, ఒకరు పక్క కుట్టు, తర్వాత మేం బెల్టనే నడుం పట్టీ, ఆపైన దానికి లూపులు, చివర్లో కింది మడత. బెల్టు కుట్టే ఆమె దగ్గర రోజూ ప్యాంట్లు గుట్టపడుతున్నాయి. ఉరవకొండ వైపు పల్లెలో శెనక్కాయ చేను వరసగా ఎండిపోయాక ఈ ఊరొచ్చి మిషను నేర్చుకున్న మనిషి ఆమె. యాభై దగ్గర పడింది కదా, చూపు తగ్గి ఉంటుందని నేనే తేల్చేశాను. సోమవారం నుంచి దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మారాలని ఆమెకు చెప్పేశాను కూడా. మా దగ్గర మిషను మీది నుంచి దారాల బల్లకు దిగడమంటే నలుగురిలో తల దించుకోవడమే. ఆమె "సరేన్నా" అని కుట్టుకుంటూ ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం కరెంటు ఉండదని తెలుసు కాబట్టి మీటింగు అప్పుడు పెట్టారు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు, టీ తెప్పించారు. గోడకు కాగితాలు అంటించే పనిలో అందరికన్నా ముందున్నది నేనే. "క్రమశిక్షణ" అని పెద్ద అక్షరాలతో రాసి సరిగ్గా నడిమధ్యలో అతికించాను. వెంటనే ముగ్గురు వచ్చి నా దగ్గర కూర్చున్నారు. గర్వపడ్డాను. బజ్జీల పళ్లెం నా పక్కనే ఉన్న సంగతి, అది ఖాళీ అయ్యి ముగ్గురూ లేచేదాకా నాకు తట్టలేదు.

"ఏమప్పా, యాడికి?" అన్నాను.

"మేడమే చెప్పె గదన్నా, పనికొచ్చేది లేకుంటే పోవచ్చని," అన్నాడొకడు మూతి తుడుచుకుంటూ.

అందరూ చేరింది బెల్టు ఆమె కాగితం దగ్గర. దాని మీద వంకర అక్షరాలతో ఒక్కటే మాట: "నా కాడ ప్యాంట్లు ఎందుకు నిలబడతాండాయి?"

ఒక్కణ్నే ఎంతసేపని కూర్చుంటాను! నేనూ వెళ్లాను. తీరా చూస్తే మావాళ్లు గుండ్రంగా కూర్చున్నారే గానీ, లైనులో ఉండే వరస తప్పలేదు. జేబులాయన, పక్కన జిప్పామె, ఆ పక్కన పక్క కుట్టు అమ్మాయి, తర్వాత బెల్టామె. లూపులామె ఆ రోజు రాలేదు. ఆమె కుర్చీ ఖాళీగా వదిలేసి కింది మడతాయన దానికి అవతల కూర్చున్నాడు. నాకు మిగిలింది ఆ కుర్చీయే.

మాట కూడా ప్యాంటు లాగే నడిచింది. యజమాని కూతురు పక్క కుట్టు అమ్మాయిని ముందు మాట్లాడమంటే, "జిప్పు కాకుండా నా కాడికి ఎట్లొస్తాది మేడం?" అంది. నేను పైకే నవ్వేశాను.

"నా కాడ నిలబడేది లేదు, కుట్టినవి కుట్టినట్టే పోతాండాయి," అన్నాడు జేబులాయన. జిప్పామె తనదీ అంతేనంది. అప్పుడు పక్క కుట్టు అమ్మాయి నోరు తెరిచింది. "నేను పంపేటివి అక్క అప్పుడే కుట్టేస్తాది. సూస్తానే ఉంటా గదా. గుట్టలో ఉండేటివి నావి కాదు."

"మరెవరివి?" అన్నాను.

ఆ అమ్మాయి బెల్టామె వైపు చూసింది. బెల్టామె చేతులు ఒళ్లో పెట్టుకుని, "నేను చెప్పేదేం లేదు. ఇంగ నీ వంతేన్నా," అని నా వైపు తిరిగింది.

అప్పుడు తెలిసొచ్చింది. చెకింగులో తప్పులు దొరికి వెనక్కి వచ్చే ప్యాంట్లను ఎవరు కుట్టినవి వాళ్లకే ఇవ్వాలి. ఇస్తే జేబులాయన గొణుగుతాడు, జిప్పామె ముఖం మాడ్చుకుంటుంది. బెల్టామెకు అన్ని కుట్లూ వచ్చు, పైగా నోరెత్తదు. అందుకని పొద్దునా సాయంత్రమూ "అక్కా, ఈ నాలుగు సూడు" అంటూ ఆమె పక్కన పెట్టేది నేనే. ఆ గుట్టను చూసి ఆమెకు చూపు తగ్గిందన్నదీ నేనే. ఇన్నాళ్లూ నాకు రెండూ వేరువేరు సంగతులుగానే కనిపించాయి.

అవతల కింది మడతాయన తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. నేను చెప్పందే ఆయన మాట్లాడడు. లేచి పోదామంటే పోవచ్చు, ఆ మీటింగులో ఎవరూ ఆపరు. కానీ కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"అవి నేను పెట్టినవే," అన్నాను. "అక్క మిషను అక్కదే. ఎవరి ప్యాంట్లు వాళ్లకే ఇస్తా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జేబులాయన మాత్రం చిన్నగా గొణిగాడు. కింది మడతాయన, "టీ సల్లారిపోతాండాది," అని తన వంతు ముగించాడు.

అందరూ లేచాక ఆమె దగ్గర ఆగాను. "నీకు ముందే తెలుసా అక్కా?"

"నా కండ్ల ముందరే గదన్నా పెడతాంటివి. తెలీకేం?"

"నాకొక మాట చెప్పింటే అయిపోయేది గదా."

ఆమె గోడ మీది కాగితం జాగ్రత్తగా ఊడదీసి మడుచుకుంది.

"నీకొక్కనికే చెప్తే రెండు దినాలు ఆగి మల్లా పెడతావు. అందరి ముందరా నీ నోట్లోనుంచే రావల్లని సూస్తాంటి," అంది.