టేపు బాబాయి ఎక్కని మెట్లు

వీధిలో అందరికీ ఆయన టేపు బాబాయి. ఇళ్లకు విలువ కట్టడం ఆయన వృత్తి. ఎవరింటికి వెళ్లినా ముందు గోడను వేలి కణుపుతో తట్టి చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. నడుముకు ఇనుప టేపు, చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉండాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన చూడని గదిని కాగితం మీద పెట్టింది ఒక్కసారే. ఆ రోజు మోకాళ్లు సలుపుతుంటే మేడమెట్లు ఎక్కలేక, వీధిలోంచి కనిపించిన మూడు కిటికీలను చూసి, పైన మూడు గదులని రాసి సంతకం పెట్టేశాడు. తీరా చూస్తే కిటికీల వెనక గదులే లేవు. ఇంటాయన ముందు గోడ ఒక్కటే లేపి ఆపేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది. ఆ కాగితాన్ని నమ్మి అప్పిచ్చిన బ్యాంకు ఫిర్యాదు చేసింది.

విచారణ సంఘం పెద్ద బాబాయికి పాత స్నేహితుడే. "కొలతలో పొరపాటు జరిగిందని చెప్పు, మందలించి వదిలేస్తాం" అని గొంతు తగ్గించి దారి చూపించాడు. బాబాయి టేపును నిమిరి, "దీని మీదకి నెట్టకురా. ఆ రోజు దీన్ని పైకి తీసుకెళ్తేగా! నేనే మెట్లెక్కలేదు" అన్నాడు. ఏడాదిపాటు లైసెన్సు ఆపేశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన అదే ఇంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే, వెంట వచ్చిన భార్య కింద నిలబడి నెత్తి కొట్టుకుంది.

"ఇప్పుడెక్కితే ఆగిపోయిన లైసెన్సు తిరిగొస్తుందాండీ?"

బాబాయి సగంలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకున్నాడు.

"సంతకం పెట్టాను కదే" అని ఇంకో మెట్టు ఎక్కాడు.