ఆదికేశవులాచారి వదులు మర

చేసి అమ్మిన తుపాకిని కొన్నవాడి ఇంట్లో ఉండనివ్వకపోవడం ఆదికేశవులాచారికి ఉన్న ఒకే ఒక జబ్బు. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టేవాళ్లున్నారు గానీ, విరగని తుపాకికి కట్టు కట్టేవాడు ఆయనొక్కడే. పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. "మర వదులైనట్టుండాదప్పా, ఎత్తుకోని పోతా" అనేవాడు. అట్లా పోయిన తుపాకి ఎప్పుడు తిరిగొస్తుందో ఆ వెంకన్నకే తెలియాలి.

పోనీ పనిరానివాడా అంటే, ఆ చుట్టుపక్కల అంతటి పనివాడు లేడు. వానకు మందు తడిసి తుపాకులు పేలక, అడవిపందులు వేరుశనగ చేలను పెళ్లగిస్తుంటే, మందు మీద ఇత్తడి మూత బిగించి, మీట నొక్కగానే అది తెరుచుకునేట్టుండే తుపాకిని కనిపెట్టింది ఆయనే. ఆ మూత కుదిరేలోపల భార్య దేవకమ్మ పుట్టింటి చెంబులన్నీ కొలిమిలో కరిగాయి. మిగిలిన ఒక్క చెంబును ఆమె తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

యుద్ధకాలంలో మద్రాసు నుంచి ఒక మిలిటరీ దొర వచ్చాడు. తుపాకిని తొట్టినీళ్లలో ముంచి పేల్చి చూశాడు. పేలింది! దొర మురిసిపోయి, ఇట్లాంటివి వేలకు వేలు చేయిద్దాం, ఫ్యాక్టరీకి రమ్మన్నాడు.

"వస్తా దొరా. మర ఒకటి వదులుగా ఉండాది, బిగించుకోని వస్తా" అని ఆదికేశవులు తుపాకితో లోపలికి పోయాడు. దొర సాయంత్రం దాకా కూర్చుని వెళ్లాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు. ఆ మర బిగిసేలోపల యుద్ధమే అయిపోయింది.

ఈ కథను సంతలో అందరికంటే రక్తి కట్టించేవాడు చౌడప్ప. నగరి దారిలో వేరుశనగ పండించే రైతు. ఆచారి నడకా గొంతూ అచ్చం దించేసేవాడు. "పెండ్లాన్ని గూడా పుట్టింటికి పంపించేస్తాడబ్బా, మర బిగించుకోని రమ్మని!" అంటే సంతంతా పగలబడి నవ్వేది. అక్కడే నిలబడి ఆదికేశవులూ నవ్వేవాడు.

చౌడప్పకూ తమ్ముడు చిన్నబ్బకూ ఉమ్మడి బావి ఒకటుంది. ఆ ఏడు ఎండలకు నీళ్లు అడుగంటి, వంతుల దగ్గర కొన్నాళ్లుగా తగవు నడుస్తోంది. ఒకనాడు మాటా మాటా పెరిగింది. ఒకడి నాయనను ఒకడు తిట్టుకున్నారు, ఇద్దరికీ నాయన ఒకడేనన్న సంగతి మరిచి. కోపం పట్టలేక చిన్నబ్బ, అన్న ఎద్దులతో నీళ్లు తోడుకునే కపిల మోకును కొడవలితో కోసేశాడు.

చౌడప్పకు కళ్లు కనిపించలేదు. ఇంట్లోకి ఉరికి గోడ మీదికి చెయ్యి చాచాడు. తుపాకి లేదు.

"ఆచారి పొద్దునే ఎత్తుకోని పాయ" అంది భార్య తిరుమలమ్మ. "మర వదులంట."

చౌడప్ప ఒగరుస్తూ పుత్తూరు కొలిమి దగ్గరికి చేరాడు. "నా తుపాకి ఈయి ఆచారీ!"

"ఈకుండా యాడికి పోతా? విప్పేసినా, బిగించాల. కూర్చో, ఈ స్ప్రింగు అదిమి పట్టుకో. వదిల్తే కండ్లో పడతాది."

చంపడానికి తుపాకి కోసం వచ్చినవాడు రెండు వేళ్లతో స్ప్రింగు పట్టుకుని కదలకుండా కూర్చోవలసి వచ్చింది. అంతలో చిన్నబ్బ చెమటలు కక్కుతూ వచ్చాడు. అతని తుపాకి కూడా పొద్దున్నే ఇక్కడికి చేరింది.

"నాది యాడ?"

"ఇదో, ఈ పళ్లెంలో."

"అది అన్నది గదా!"

"రెండూ కలిసిపోయినాయప్పా. నా కండ్లు సరిగా ఆనలేదు. ఎవురిది ఏదో మీరే ఏరుకోవాల."

అన్నదమ్ములు పళ్లానికి చెరోపక్క కూర్చున్నారు. ఒక్కొక్క ముక్కా తీసి చూడసాగారు.

"ఆ మర నాది" అన్నాడు చౌడప్ప.

"నీదెట్లయితాది? తుప్పు లేకుండా ఉండాది సూడు. నువ్వు యానాడన్నా నూనె పెట్టినావా?"

"నాయన మాత్రం పెట్టినాడా? బండి ఇరుసు కిర్రుమంటే, పాట పాడతాందిరా అనేవాడు గదా!"

ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. తరువాత చిన్నబ్బ తల వంచుకుని, "మోకు కొత్తది తెస్తాలే అన్నా" అన్నాడు.

చౌడప్ప అప్పుడు తలెత్తి గోడకు తగిలించిన తుపాకులు చూశాడు. పొలం గట్టు తగాదాలో ఉన్న దొరస్వామి తుపాకి. పంట పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడని చెంగయ్య తుపాకి. ఒక్కదానికీ ఏ లోపమూ లేదు. కొలిమి దగ్గరికి అందరి ఇళ్ల మాటలూ వస్తాయి. ఆదికేశవులు అవి ఊరికే వినలేదు.

చౌడప్ప ఆచారి వైపు తిరిగాడు. "ఎప్పట్నుంచన్నా ఈ పని?"

ఆదికేశవులు ఇనుమును ఆకురాయితో రాయడం ఆపలేదు. "నేను చేసిన మొదటి తుపాకి ఈడికి రాలేదప్పా. బావాబామ్మర్దుల మధ్య తగవని విని బయలుదేరినా. ఒక్క దినం ఆలిస్యమాయ."

ఇన్నేళ్లూ ఈ మనిషినా సంత నడుమ నవ్వులపాలు చేశానని చౌడప్ప కుమిలిపోయాడు. వచ్చే సంతలో అందరికీ నిజం చెప్పేయాలనుకున్నాడు. కానీ చెబితే రేపు ఏ కోపిష్టి ఆచారి చేతికి తుపాకి ఇస్తాడు? అందుకని పాత కథలే చెప్పాడు. జనం నవ్వారు. తను మాత్రం నవ్వలేకపోయాడు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కొలిమి దగ్గరికి పోయి ఆదికేశవులు చెవిలో మెల్లగా అన్నాడు. "సుబ్బన్నకూ కొడుక్కూ నిన్నట్నుంచి మాటల్లేవన్నా."

ఆదికేశవులు ఎర్రగా కాలుతున్న ఇనుమును అట్లాగే వదిలేసి లేచిపోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా, నిప్పు ఆరిపోకుండా, చౌడప్ప తిత్తి ఊదుతూ కూర్చున్నాడు. అలవాటు లేని పని, చెయ్యి కాలింది.

సంతలో ఆ బొబ్బలు చూసి ఏందని అడిగారు.

"ఆ ఆచారికి కొలిమి పెట్టుకోను గూడా చేతగాదబ్బా!" అన్నాడు చౌడప్ప గట్టిగా, అందరికీ వినపడేట్టు.