తడిచేత్తో తెరుచుకునే చాకు

పోయిన మంగళవారం పొద్దున్న బాపట్లలో మా ఇంటికి టెలిగ్రాం వచ్చింది. మా అత్తగారు పోయారు. రేపల్లె దాటాక సముద్రం వైపున్న ఊళ్లో, మా మరిది ఇంట్లో, రాత్రి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదట. టెలిగ్రాం అంటేనే నాకు వణుకు. ఎవరికైనా ఉద్యోగం వచ్చిందని పంపినా సరే, సంతకం పెట్టడానికి చెయ్యి ఆడదు. మావారు అది చదివి గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయారు. నా చెయ్యి మాత్రం దానంతట అదే రొండిన వెతుక్కుంది. చాకు ఉంది. ఉంది కదా అని ధైర్యం రాలేదు, ఇంకా భయం వేసింది.

ఎందుకో చెబుతాను. ఆవిడకి నేను ఒక మాట ఇచ్చాను. రెండేళ్ల కిందట మా ఇంటికి వచ్చినప్పుడు, చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ, ఉప్పు ఉందా అని అడిగినంత మామూలుగా అడిగారు.

"నేను పోయాక నా కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కడతారే అమ్మాయ్. కడితే కట్టనీ. ఎత్తుకెళ్ళే ముందు మాత్రం ఆ ముడి నువ్వు కోసెయ్యి. నన్ను ముడితో పంపించకు."

అలాగేనండీ అన్నాను. అనక ఏం చేస్తాను! కానీ మీ దగ్గర దాచడమెందుకు, నేను బుద్ధెరిగాక శవాన్ని ముట్టుకున్న మనిషిని కాదు. మా నాయనమ్మ పోయినప్పుడు పక్కింటివాళ్ళ వంటింట్లో దాక్కున్నాను. బొద్దింక కనపడితే మంచం ఎక్కుతాను. అలాంటిదాన్ని, చాకు పట్టుకుని వెళ్ళి పోయినావిడ కాళ్ళ దగ్గర కూర్చోవాలి. బస్సులో రేపల్లె దాకా నాకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. ఆవిడ పోయారన్న బాధ ఒక పక్క, ఆ పని నావల్ల అవుతుందా అన్న భయం ఇంకో పక్క. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయమే ఎక్కువ.

నా పుట్టిల్లు తెనాలి. అరవై రెండులో కాపురానికి వెళ్ళిన రోజే ఆవిడ రొండిన చాకు చూశాను. అందరత్తలకీ అక్కడ తాళాల గుత్తి ఉంటుంది, ఈవిడకి మడత చాకు. గేదె పలుపు కోసినా అదే, నిమ్మకాయ కోసినా అదే, కవరు చింపినా అదే. దానికి తోడు ముందు పళ్ళు రెండు లేవు. ఎద్దు తన్నిందని చెప్పేవారు. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. మా అమ్మకి ఉత్తరం రాశాను, "అమ్మా, ఈవిడ చాకు పెట్టుకుని తిరుగుతున్నారు, నాకు భయంగా ఉంది" అని. మా అమ్మ నుంచి కార్డు ముక్క వచ్చింది: "నువ్వు పెందలాడే లేచి పని చేసుకో, ఏమీ చెయ్యరు."

నిజానికి ఆవిడ గొంతెత్తి మాట్లాడగా కూడా నేను వినలేదు. మనిషికి ఉన్నదల్లా ఒకటే జబ్బు, గాలి. తూర్పు గాలి తిరిగిందంటే అన్నం సహించేది కాదు. లేచి ఇల్లంతా తిరిగి ముళ్ళన్నీ చూసుకునేవారు. పలుపుల ముళ్ళు, బావి చేంతాడు, ఉయ్యాల తాళ్ళు, ఆఖరికి నా జడ రిబ్బను. అన్నీ జారుముళ్ళే ఉండాలి. పీటముడి కనపడితే విప్పి మళ్ళీ వేసేవారు. లాగితే ఊడని ముడి ఆ ఇంట్లో ఒక్కటి ఉండేది కాదు. ఇదేం చాదస్తం తల్లీ అనుకునేదాన్ని. చాదస్తమే అనుకున్నాను గానీ ఎందుకని అడగలేదు.

మరుసటి ఏడు తెనాలిలో నాకు పిల్ల పుట్టింది. పసిబిడ్డ పక్కలో ఇనుప ముక్క ఉండాలంటారుగా, మా అమ్మ తుప్పుపట్టిన మేకు ఒకటి పెట్టింది. చూడటానికి వచ్చిన మా అత్తగారు ఆ మేకు తీసి చూసి, "ఇదేంటి వదినగారూ! పెట్టే ఇనుమేదో పనికొచ్చే ఇనుము పెట్టండి" అని తన చాకు తీసి పక్క కింద దోపారు. మడిచే ఉంది, నిజమే. అయినా ఆవిడ ఉన్న మూడు రోజులూ నాకు కునుకు పడితే ఒట్టు.

మూడో నెలలో మమ్మల్ని తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చారు. రేపల్లె రైలుకి ఇంకా రెండు గంటలు టైముంది. "పద, నీకొకటి కొనాలి" అన్నారు. గాజులేమో అనుకుని సంబరపడ్డాను. తీరా చూస్తే బజార్లో ఇనప సామాన్ల కొట్టు ముందు ఆగారు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మడత చాకు బాబూ. ఎప్పుడూ ఒంటి మీద ఉంచుకునేది."

"అబ్బాయిగారికాండి?"

"ఈ అమ్మాయికి."

ఆయన నన్ను చూశాడు, నా భుజం మీద పసిదాన్ని చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ అదేం పట్టించుకోకుండా చెంబెడు నీళ్ళు ఇప్పించమన్నారు. తాగడానికేమోనని ఇచ్చాడు పాపం. రెండు చేతులూ అందులో ముంచి, "ఇప్పుడు చూపించు" అన్నారు.

మొదట తళతళ మెరిసేది ఒకటి తెచ్చాడు. అందులో కత్తెర, సీసా మూత తీసేది, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని తడివేళ్ళతో తడిమి, "అన్నీ ఉన్నాయి బాబూ, ఏది ఎక్కడుందో తెలియట్లా" అని పక్కన పెట్టారు. రెండోది తెల్ల పిడి, ముద్దొస్తోంది. నాకది నచ్చింది. తడిచేతిలో నిలవక జారి గచ్చు మీద పడింది. "నునుపుది వద్దు." మూడోది బాగానే తెరుచుకుంది. అప్పుడు సంచిలోంచి జానెడు కొబ్బరి తాడు ముక్క తీశారు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నారన్నమాట! దాన్ని చెంబులో నానబెట్టి చాకుతో నొక్కి కొయ్యబోతే, అలుగు వెనక్కి మడతపడి ఆవిడ వేలు తెగింది. నెత్తురు చూసి నేను కెవ్వుమన్నాను. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని, "తెరిచాక దానంతట అది మూసుకునేది చాకు కాదు బాబూ, ఎలకల బోను" అన్నారు.

కొట్టాయనకి విసుగొచ్చింది. "ఏంటమ్మా ఇది, కొనడానికొచ్చారా, పరీక్ష పెట్టడానికొచ్చారా?"

"పరీక్ష ఇక్కడే పెట్టాలి బాబూ. అక్కడ టైముండదు."

అక్కడ అంటే ఎక్కడో నాకు అర్థం కాలేదు. ఆయన మాత్రం ఆవిడ ముఖం చూసి, లోపలికి వెళ్ళి నాలుగోది తెచ్చాడు. గరుకు కొమ్ము పిడి, నా మధ్యవేలంత అలుగు, తెరిచాక కదలకుండా పట్టి ఉంచే చిన్న మీట. చూపులకి ఏమీ బాగోదు. దాన్ని కుడిచేత్తో తెరిచారు, ఎడమచేత్తో తెరిచారు, కళ్ళు మూసుకుని తెరిచారు. తడితాడు రెండు లాగుళ్ళలో తెగింది. "ఇప్పుడు నువ్వు" అని పిల్లని తీసుకున్నారు. చుట్టూ జనం చేరారు. చేతులు తడిపి ప్రయత్నించాను. ఏడోసారికి తెరుచుకుంది. ఇనుము చేతికి ఇస్తే పోట్లాటలొస్తాయని దాన్ని బల్ల మీద పెట్టి, "తీసుకో" అన్నారు.

తీసుకున్నాను. తీసుకుని ఏం చేశాననుకున్నారు? మావారికి ఉద్యోగం బాపట్లలో అయ్యాక అక్కడ కాపురం పెట్టి, ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి చీర కింద దాచేశాను. టౌనులో ఆడది చాకు పెట్టుకు తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు! ఆవిడ వచ్చినప్పుడల్లా నా రొండి వంక చూసేవారు. "పెట్టెలో ఉన్న చాకు ఇంకా కొట్లో ఉన్నట్టే అమ్మాయ్" అనేవారు. అలాగేనండీ అనేదాన్ని.

అరవై తొమ్మిది వేసవిలో నేనూ పిల్లా సెలవలకి ఆవిడ దగ్గరికి వెళ్ళాం. పిల్లకి ఆరో ఏడు. మావారు బాపట్లలోనే ఉండిపోయారు. మా మరిది పని మీద రేపల్లె వెళ్ళి వానకి అక్కడే చిక్కుకున్నాడు. రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు పొద్దున గాలి తిరిగింది. ఆవిడ చద్దన్నం కలిపి, ముద్ద నోటిదాకా తెచ్చి దించేశారు. "గొడ్ల పలుపులు లాగి వదిలేసి వస్తా. పిల్లని దించకు" అని చావిట్లోకి పరుగెత్తారు.

ఆవిడ అటు వెళ్ళారో లేదో వీధి తలుపు గడియ ఊడిపోయింది. గాలి ఇంట్లో పడింది. పెంకులు లేచి వాకిట్లో పగులుతున్నాయి. తలుపు మూయాలంటే నాకు రెండు చేతులూ కావాలి. పిల్లని దించితే ఆ గాలికి గచ్చు మీద జారిపోతోంది, నా కళ్ళతో చూశాను. ఏమీ తోచలేదు. మూలనున్న చేంతాడు తీసి దాని నడుముకి చుట్టి, నడవా స్తంభానికి కట్టేశాను. గట్టిగా, పీటముడి. ఒకటి కాదు, రెండు. నా పిల్ల ఎక్కడికీ పోకూడదని.

తలుపు మూసి వీపు ఆనించి నిలబడ్డాను. అప్పుడొచ్చాయి నీళ్ళు. కాలవ కట్ట తెగిందని తరవాత తెలిసింది. నా మోకాళ్ళు మునిగాయి, పిల్లకి నడుము దాటింది. పరుగెత్తి ముడి పట్టుకున్నాను. రాదే! తడిసిన తాడు, పిల్ల గుంజుకునే కొద్దీ ఇంకా బిగుస్తోంది. గోళ్ళు చీలాయి. "అమ్మా, చలేస్తోంది" అంటోంది పిల్ల. నా చాకు ఎక్కడుంది? బాపట్లలో, పెళ్ళి చీర కింద. నేను పిరికిదాన్నే, అన్ని రకాల భయాలూ నాకు తెలుసు. ఇది వాటిల్లో లేదు. నీళ్ళు దాని గడ్డానికి తగులుతుంటే దాని తల పైకెత్తి పట్టుకున్నాను.

పెరటి గుమ్మంలోంచి ఆవిడ వచ్చారు. స్తంభం వంక చూశారు.

"కట్టావా! కట్టేశావా అమ్మాయ్!"

ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వచ్చి నీళ్ళలో కూర్చున్నారు. ఆ బురదలో ముడి కనపడదు. కళ్ళు మూసుకున్నారు. ఎడమచేత్తో తాడు పట్టుకుని, కుడిచేత్తో చాకు తెరిచి, పిల్ల ఒంటికీ తాడుకీ మధ్య దూర్చారు. మూడు లాగుళ్ళు. పిల్ల నా మీద పడింది.

అటక మీదికి ఎక్కాం ముగ్గురం. కింద నీళ్ళలో పీటలూ బుట్టలూ తేలుతున్నాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల తల తుడుస్తూ చెప్పారు.

"నీకో ఆడబిడ్డ ఉండేదే. నీ మొగుడికంటే పెద్దది. వాడు ఉయ్యాల్లో ఉన్నప్పుడొచ్చింది ఆ గాలివాన. దాన్ని స్తంభానికి కట్టి వాడికోసం లోపలికెళ్ళా. వచ్చేసరికి నీళ్ళు. ముడి రాలా. పళ్ళతో కొరికా." ముందు పళ్ళు లేని చోట వేలు పెట్టి చూపించారు. "పళ్ళు ఊడాయి. ముడి రాలా."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అని ఏడ్చాను.

"నీకసలే భయం ఎక్కువ. చెబితే నిద్రపోవనీ."

ఆ నీళ్ళు తీశాక, బాపట్ల చేరిన రోజే ట్రంకు పెట్టె తెరిచాను. ఈ పదేళ్ళలో ఆ చాకు నా ఒంటి మీద లేని రోజు లేదు. చెయ్యి కడుక్కున్నప్పుడల్లా తడిచేత్తో ఒకసారి తెరిచి మూస్తాను. పక్కింటి పిన్నిగారు నవ్వుతుంది, నవ్వనీ. నా కడుపున పుట్టింది ఇవాళ పదహారేళ్ళదై కళ్ళ ముందు తిరుగుతోందంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. అందుకు నేను చెయ్యవలసిందల్లా ఒక్క ముడి కొయ్యడం.

మంగళవారం మేము వెళ్ళేసరికి వాకిట్లో స్నానం చేయించేశారు. నేను పంచలో స్తంభం చాటున నిలబడ్డాను. ముఖం వంక చూడలేకపోయాను. బొటనవేళ్ళు గుడ్డపేలికతో కట్టి ఉన్నాయి, పేలిక తడిసి నల్లబడింది. పాడు బుద్ధి ఏమనిపించిందో తెలుసా? ఆ మాట ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఎత్తడానికి మనుషులు వంగారు. "ఎత్తండి" అన్నారెవరో.

పక్కన నా కూతురు ఏడుస్తూ నడుము పట్టుకుని నిలబడి ఉంది. ఆనాడు తాడు ఒరుసుకున్న చోటే పట్టుకుంది, దానికి తెలియకుండానే.

"ఆగండి!" అన్నాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

"కాటికెళ్ళాక విప్పుతారులే అమ్మా, నువ్వు ఇవతలికి రా" అంది ఒక పెద్దావిడ.

"లేదండి. ఇక్కడే."

తడినేల మీద ఆ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ముందు వేళ్ళతో ముడి తడిమాను. పీటముడి, నాని బిగుసుకుపోయింది. పాదాలు చల్లగా ఉన్నాయి. చేతులు తడిగా ఉన్నాయి. కళ్ళు మూసుకుని చాకు తీశాను. మొదటిసారికే తెరుచుకుంది.

కళ్ళు తెరిచేసరికి పేలిక కింద పడి ఉంది. ఆవిడ పాదాలు రెండూ ఒకదాన్నించి ఒకటి మెల్లిగా ఎడంగా జరిగాయి.